నీళ్ల శాంపిల్ ల్యాబ్‌కి ఇచ్చే ముందు...

గాజువాక బోరు నీళ్లయినా, మధురవాడ అపార్ట్‌మెంట్ ట్యాంకు నీళ్లయినా, సీసా నింపకముందే లిమ్స్‌లో (ల్యాబ్ శాంపిళ్ల వివరాలు, ఫలితాలు ఉండే సాఫ్ట్‌వేర్) రిజిస్టర్ చేసి నంబరు తీసుకోండి. ఏ పరీక్షలు కావాలో అప్పుడే టిక్ పెట్టండి. తర్వాత చేరిస్తే నీళ్లు చాలకపోవచ్చు.

☐ బార్‌కోడ్ సీసా ఒంటికే అంటించండి, మూతకు వద్దు. మూతలు తారుమారవుతాయి. మన విశాఖ ఉక్కకీ, ఐస్‌పెట్టె తడికీ మామూలు కాగితం ఊడొచ్చేస్తుంది. పొడి సీసాకు అంటించి, పైన టేపు చుట్టండి. ఒకసారి నేను ఆరు సీసాలు పట్టుకెళ్తే దిగేసరికి రెండింటికి పేరే లేదు. మళ్లీ పెందుర్తి దాకా పరుగు!

☐ బ్యాక్టీరియా పరీక్షకు స్టెరైల్ సీసా వేరు. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లయితే సోడియం థయోసల్ఫేట్ (క్లోరిన్‌ను విరిచే రసాయనం) ఉన్న సీసా అడగండి, దాన్ని కడక్కండి. చల్లగా ఉంచండి, గడ్డకట్టనివ్వకండి. 24 గంటల్లోపు పరీక్ష మొదలవ్వాలి, కాబట్టి శనివారం సాయంత్రం పట్టడం దండగ.

☐ ఫారంలో రాయాల్సింది నీళ్లు పట్టిన సమయం, ల్యాబ్‌లో ఇచ్చిన సమయం కాదు.

☐ ఫలితం తెరపై కనిపించగానే స్క్రీన్‌షాట్ పంపేయకండి. అప్రూవ్ అయ్యిందో లేదో చూడండి.

☐ యూనిట్లు చూడండి. ఐఎస్ 10500 (తాగునీటికి మన దేశ ప్రమాణం) ప్రకారం నైట్రేట్ హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. రిపోర్టులో నైట్రోజన్‌గా లెక్కగడితే అదే హద్దు దాదాపు 10 అవుతుంది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే.

☐ రిపోర్టులో ‘బీడీఎల్’ (బిలో డిటెక్షన్ లిమిట్) అంటే సున్నా కాదు, పరికరం పట్టుకోగలిగినదాని కంటే తక్కువని.