బరువు తగ్గే ప్రయత్నంలో తూచుకోవాలా, మానాలా: ఎదురయ్యే ఇబ్బందులు, కారణాలు, పరిష్కారాలు

బరువు తగ్గాలని నిశ్చయించుకున్నవారికి ఆహారం గురించి, వ్యాయామం గురించి సలహాలు ఎన్నో దొరుకుతాయి గానీ, వెయింగ్ మెషీన్‌తో ఎలా మెలగాలో చెప్పేవారు తక్కువ. రోజూ చూసుకోమని కొందరు, అసలు దాని జోలికే పోవద్దని కొందరు అంతే గట్టిగా చెబుతారు. అంకె కనిపించిన తరువాత ఏం చేయాలో ముందే నిర్ణయించుకుని, దానికి కట్టుబడి ఉండగలిగినవారికి తూచుకోవడం మేలు చేస్తుందనీ, అంకె చూడగానే మనసూ దానితో పాటు ఆ రోజు భోజనమూ అదుపు తప్పేవారికి కీడు చేస్తుందనీ నా అభిప్రాయం. మీరు ఏ కోవకు చెందుతారో తేల్చుకోవడానికి, తరచూ ఎదురయ్యే ఇబ్బందులను ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇబ్బంది: ఉదయం ఒక బరువు, రాత్రి మరో బరువు చూపిస్తోంది

కారణం: మెషీన్ తూచేది కొవ్వును మాత్రమే కాదు. ఎముకలు, కండరాలు, రక్తం, పేగుల్లో ఉన్న ఆహారం, మూత్రాశయంలో ఉన్న నీరు, ఒంటిమీది బట్టలు, అన్నింటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. అర లీటరు నీళ్లు తాగి వెంటనే మెషీన్ ఎక్కితే అర కిలో పెరిగినట్టే కనిపిస్తుంది. నిద్రలో ఊపిరి ద్వారా, చెమట ద్వారా పోయిన నీటి వల్ల తెల్లవారేసరికి బరువు కొంత తగ్గి ఉంటుంది. ముందు రోజు ఉప్పు ఎక్కువైతే, దానిని పలచబరచడానికి శరీరం అదనంగా నీటిని పట్టి ఉంచుతుంది. మలబద్ధకం ఉన్న రోజుల్లో అంకె పైకే ఉంటుంది. ఇవన్నీ కలిసి ఒకటి రెండు రోజుల్లోనే కిలో నుంచి రెండు కిలోల తేడా రావడం ఆరోగ్యవంతుల్లో మామూలే.

ఒక కిలో శరీరపు కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. నిన్నటికన్నా ఇవాళ పెరిగిన కిలో అంతా కొవ్వే అయి ఉండాలంటే, మీ శరీరం ఖర్చు చేసే దానికి పైన ఇంకో 7,700 కేలరీలు ఒక్కరోజులో తిని ఉండాలి. మీరు అలా తినలేదు గనుక పెరిగింది కొవ్వు కాదని లెక్కే చెబుతోంది. అలాగే గంటసేపు చెమటోడ్చి మెషీన్ ఎక్కినప్పుడు తగ్గిన కిలో కూడా కొవ్వు కాదు, నీరు. తాగగానే తిరిగి వస్తుంది.

పరిష్కారం: తూచుకోవాలనుకుంటే ప్రతిసారీ ఒకే పరిస్థితిలో తూచుకోండి. నిద్ర లేచి, కాలకృత్యాలు ముగించి, పరగడుపున, వీలైనంత తక్కువ బట్టలతో ఒక్కసారి చూసి రాసిపెట్టండి. ఆ రోజుకు మళ్లీ మెషీన్ ఎక్కవద్దు. సాయంత్రపు అంకెను ఉదయపు అంకెతో పోల్చడం వల్ల తెలిసేది ఏమీ ఉండదు.

ఇబ్బంది: మొదటి వారంలో బాగా తగ్గి, ఆ తరువాత ఆగిపోయింది

కారణం: పిండిపదార్థాల నుంచి వచ్చే శక్తిలో కొంత భాగాన్ని శరీరం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో సుమారు 400 గ్రాములు దాచుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు మూడు గ్రాముల నీరు కూడా నిలవ ఉంటుంది. ఆహారం తగ్గించిన మొదటి రోజుల్లో ఈ నిల్వ కరిగి, దాన్ని అంటిపెట్టుకున్న నీరు కూడా బయటికి పోతుంది గనుక, కొవ్వు అంతగా కరగకపోయినా అంకె గబగబా దిగుతుంది. ఒక విందు తరువాత రెండు రోజుల్లో అంతా తిరిగి వచ్చినట్టు కనిపించడానికీ కారణం ఇదే.

పరిష్కారం: మొదటి రెండు వారాల తగ్గుదలను లెక్కలోకి తీసుకోకండి, మూడో వారం నుంచి వచ్చే అంకెలతో మీ అసలు వేగాన్ని అంచనా వేసుకోండి. వారానికి అర కిలో తగ్గుతూ ఉంటే అది మంచి వేగం. మొదటి వారంలా లేదని ఆహారాన్ని ఇంకా కోసేయడం, నిజంగా జరుగుతున్న మంచి పనిని మీ చేతులతో మీరే చెడగొట్టుకోవడమే అవుతుంది.

ఇబ్బంది: వారానికి ఒక్కసారే చూసుకుంటున్నా, పెరిగినట్టే కనిపిస్తోంది

ఈ ఇబ్బంది వద్ద కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే ప్రయత్నం మానేసేవారిలో చాలామంది సరిగ్గా ఇక్కడే మానేస్తారు.

కారణం: వారానికి అర కిలో తగ్గేవారిలో నీటి వల్ల వచ్చే హెచ్చుతగ్గులు కిలోకు పైగా ఉంటే, ఏ రెండు రోజులను పక్కపక్కన పెట్టి చూసినా కనిపించేది ఎక్కువగా నీరే. ఉదాహరణకు ఒకరి ఉదయపు బరువులు సోమవారం నుంచి ఆదివారం వరకు ఇలా ఉన్నాయనుకోండి: 78.4, 78.9, 78.1, 78.6, 79.0, 78.3, 78.0. తరువాతి వారం: 78.7, 78.2, 77.9, 78.3, 77.8, 77.6, 78.0.

ఈ వ్యక్తి సోమవారాల్లో మాత్రమే తూచుకుంటే 300 గ్రాములు పెరిగినట్టు తెలుస్తుంది. శుక్రవారాల్లో తూచుకుంటే ఏకంగా 1.2 కిలోలు తగ్గినట్టు తెలుస్తుంది. ఆదివారాల్లో తూచుకుంటే రవ్వంత మార్పు కూడా కనిపించదు. మనిషి ఒక్కరే, శరీరం ఒక్కటే, తిన్నదీ అదే; తూచుకోవడానికి ఎంచుకున్న రోజును బట్టి ఒకరు నిరాశపడతారు, ఒకరు పొంగిపోతారు, ఒకరు విసిగిపోతారు. ఏడు రోజుల సగటు తీస్తే మొదటి వారం 78.5 కిలోలకు కాస్త తక్కువ, రెండో వారం 78.1 కిలోలకు కాస్త తక్కువ వస్తుంది. అంటే నిజంగా తగ్గింది సుమారు 400 గ్రాములు, ఆ ప్రయత్నం చక్కగా సాగుతోంది.

పరిష్కారం: వారానికి ఒకసారి అనే మధ్యేమార్గం సురక్షితమని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అంకెను చూసి కలతపడే స్వభావం ఉన్నవారికి అది అన్నింటికన్నా కష్టమైన పద్ధతి, ఎందుకంటే వారం రోజుల కష్టాన్నంతా ఒకే ఒక్క ఉదయానికి పణంగా పెట్టినట్టవుతుంది. తూచుకునేట్లయితే రోజూ తూచుకుని, ఏ రోజు అంకెనూ దానికది పట్టించుకోకుండా వారపు సగటును మాత్రమే గత వారపు సగటుతో పోల్చండి. సగటు లెక్కించే యాప్‌లు ఉన్నాయి. కాగితం మీద కూడినా చాలు. రోజూ అంకెను చూడటం మనసుకు భారమైతే, దాన్ని పూర్తిగా పక్కన పెట్టి, కింద చెప్పిన ఇతర కొలతలకు మారండి.

ఇబ్బంది: వ్యాయామం మొదలుపెట్టాక బరువు పెరిగింది

కారణం: అలవాటు లేని వ్యాయామం చేసినప్పుడు కండరాలు కాస్త దెబ్బతిని, వాటిని బాగుచేసుకునే క్రమంలో శరీరం అక్కడ నీటిని చేరుస్తుంది. క్రియాటిన్ (కండబలం కోసం వ్యాయామం చేసేవారు వాడే పొడి) వాడేవారిలో కండరాల్లో నీరు ఇంకా ఎక్కువగా నిలుస్తుంది. నెలసరికి ముందు రోజుల్లో స్త్రీలకు నీరు పట్టడం మరొక కారణం.

పరిష్కారం: వ్యాయామం కొత్తదైతే మూడు నాలుగు వారాలు ఓపిక పట్టండి. నెలసరి వచ్చేవారు ఈ వారాన్ని గత వారంతో పోల్చడం కన్నా, నెలసరి మొదలైన వారాన్ని క్రితం నెలసరి మొదలైన వారంతో పోల్చడం న్యాయంగా ఉంటుంది.

ఇబ్బంది: ఒకే నిమిషంలో రెండు వేర్వేరు అంకెలు వస్తున్నాయి

కారణం మెషీన్ కింద ఉన్న నేల కావచ్చు. తివాచీ మీద, ఎగుడుదిగుడు గచ్చు మీద మెషీన్ సరిగా చూపించదు. బ్యాటరీ బలహీనపడినా, చోటు మార్చిన వెంటనే ఎక్కినా తేడా వస్తుంది. గట్టిగా, సమతలంగా ఉండే చోట పెట్టి కదపకుండా ఉంచండి. కదిపితే ఒకసారి కాలు ఆనించి తీసి, సున్నా చూపించాక ఎక్కండి. ఒకటే మెషీన్ వాడండి. కొవ్వు శాతం చూపించే మెషీన్లు పాదాల ద్వారా చిన్న విద్యుత్ ప్రవాహాన్ని పంపి అంచనా కడతాయి గనుక, ఒంట్లో నీరు మారితే ఆ శాతమూ మారుతుంది. రోజువారీగా దానిని నమ్మకండి.

ఇబ్బంది: అంకె చూశాక రోజంతా పాడవుతోంది

లక్షణాలు ఇలా ఉంటాయి: అంకె పెరిగిందని ఒక పూట భోజనం మానేయడం, ఆకలి తట్టుకోలేక రాత్రి అతిగా తినడం, అంకె తగ్గిందని సంబరంగా ఎక్కువ తినడం, రోజుకు నాలుగైదు సార్లు మెషీన్ ఎక్కడం, తూచుకోవడానికి ముందు నీళ్లు తాగకుండా ఉండటం, బయటికి వెళ్లాలా వద్దా అన్నది కూడా ఆ అంకెను బట్టి నిర్ణయించుకోవడం.

కారణం: కొలతగా ఉండవలసిన అంకె తీర్పుగా మారింది. బరువును బట్టి తమ విలువను లెక్కగట్టుకునే అలవాటు ఉన్నవారిలో, ముఖ్యంగా యుక్తవయసువారిలో, తరచూ తూచుకోవడం కలతను పెంచుతుంది. అనొరెక్సియా, బులీమియా వంటి తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఉన్నవారిలో మాటిమాటికీ తూచుకోవడం రోగ లక్షణాల్లో ఒకటి.

పరిష్కారం: మొదట ఒక చిన్న పరీక్ష చేసుకోండి. మెషీన్ ఎక్కే ముందు, ఆ రోజు ఏం తినబోతున్నారో, ఎంత నడవబోతున్నారో కాగితం మీద రాయండి. తూచుకున్నాక రాత్రికి ఆ కాగితం తీసి చూడండి. రాసింది రాసినట్టే జరిగితే అంకె మీకు హాని చేయడం లేదు. రెండు వారాల్లో మళ్లీ మళ్లీ ఆ ప్రణాళిక అంకెను బట్టి మారిపోతూ ఉంటే, మెషీన్‌ను కంటికి కనబడని చోట పెట్టేయండి లేదా ఇంట్లోంచే పంపించేయండి. అది ఓటమి కాదు, పథ్యం. ప్రయత్నం ఆగదు, కొలిచే సాధనం మాత్రమే మారుతుంది. భోజనం మానేయడం, తిన్నది బలవంతంగా వాంతి చేసుకోవడం, అతిగా తిని కుమిలిపోవడం వంటివి ఉంటే బరువు తగ్గే ఆలోచన ముందు ఆపి, వైద్యుణ్ణి కలవండి. ఆసుపత్రిలో తూచేటప్పుడు అంకె మీకు చెప్పవద్దని అడిగే హక్కు మీకుంది. మెషీన్‌కు వీపు తిప్పి నిలబడి తూయించుకోవచ్చు.

ఇబ్బంది: చూడటం మానేశాక, తెలియకుండానే పెరిగిపోయింది

కారణం: రోజుకు కొద్దిగా పెరిగే బరువు కంటికి తెలియదు; వదులుగా ఉండే బట్టలు దానిని ఇంకా కప్పిపెడతాయి. తగ్గిన బరువును నిలుపుకునే దశలో ఇది పెద్ద ప్రమాదం. రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే పరిశోధకులు 1994లో అమెరికాలో మొదలుపెట్టిన ఒక జాతీయ నమోదు పట్టికలో, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలుపుకున్నవారి అలవాట్లను గమనిస్తున్నారు. వారిలో దాదాపు 75 శాతం మంది కనీసం వారానికి ఒకసారి తూచుకుంటారు. 2006లో వింగ్ బృందం ప్రచురించిన మరో పరిశోధనలో బరువు తగ్గిన 314 మందిని 18 నెలలు గమనించారు. వార్తాలేఖలు మాత్రమే అందుకున్నవారిలో 72 శాతం మందికి 2.3 కిలోలు లేదా అంతకు మించి తిరిగి పెరిగితే, ముఖాముఖి శిక్షణ పొందినవారిలో అలా పెరిగింది 46 శాతం మందికే. ఆ శిక్షణలో రోజూ తూచుకోమని చెప్పడంతో పాటు, అంకె ఒక హద్దు దాటితే వెంటనే ఏం చేయాలో కూడా నేర్పించారు. మేలు చేసింది మెషీన్ ఒక్కటే అనుకోకూడదు.

పరిష్కారం: మీరు కూడా ఒక హద్దు పెట్టుకోండి. సగటు రెండు కిలోలు పెరిగితే రెండు వారాల పాటు మొదటి ఆహార నియమాలకు తిరిగి వెళ్తానని ముందే రాసుకోవడం ఒక పద్ధతి. మెషీన్ పడనివారు నడుము చుట్టుకొలతను నెలకు రెండుసార్లు కొలవండి: చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన టేపును నేలకు సమాంతరంగా చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక, బిగించకుండా చూడాలి. ఒంటికి సరిపడే ఒక పాత ప్యాంటు, మెట్లెక్కేటప్పుడు వచ్చే ఆయాసం, రక్తపోటు, రక్తంలో చక్కెర స్థాయి కూడా మంచి గుర్తులే.

ఇబ్బంది: నాలుగు వారాలుగా సగటు కదలడం లేదు

ఇది నీటి తంతు కాదు, నిజమైన నిలుపుదల. శరీరం చిన్నదయ్యే కొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది గనుక, మొదట్లో తక్కువైన ఆహారమే ఇప్పుడు సరిపోతోంది. దానికి తోడు వడ్డింపు నెమ్మదిగా పెరిగి ఉండవచ్చు. ఒక వారం పాటు తిన్నదంతా కొలిచి రాయండి, నడక పెంచండి. స్టిరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువు పెంచుతాయి. అనుమానం ఉంటే మందు మానకుండా వైద్యునితో మాట్లాడండి. థైరాయిడ్ పరీక్ష కూడా అడగవచ్చు.

తూచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టానికి వదలని సందర్భాలు

గుండె వైఫల్యం ఉన్నవారికి, డయాలిసిస్ చేయించుకునేవారికి రోజూ తూచుకోమని వైద్యులు చెప్పేది కొవ్వు కోసం కాదు, ఒంట్లో చేరే నీటిని పసిగట్టడం కోసం. గుండె వైఫల్యంలో రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అదే రోజు వైద్యునికి చెప్పాలి. గర్భిణులు, ఎదిగే పిల్లలు ఈ వ్యాసంలోని పద్ధతులు పాటించకూడదు. వారి బరువును వైద్యుల పర్యవేక్షణలోనే చూడాలి. ప్రయత్నమేమీ చేయకుండానే ఆరు నెలల నుంచి ఏడాది లోపు శరీర బరువులో 5 శాతం, అంటే 70 కిలోల వారికి మూడున్నర కిలోలు, తగ్గితే సంతోషించకుండా వైద్యుణ్ణి కలిసి కారణం కనుక్కోవాలి.