క్లచ్ జబ్బులు కనిపెట్టడం – నాలుగో పాఠం: పట్టు వేరు, విడుపు వేరు

పోయిన పాఠంలో, క్లచ్ జారుతోందో లేదో చూసే హ్యాండ్ బ్రేక్ పరీక్ష చెప్పాను. ఆ తర్వాత పది రోజులు నా ఫోన్ ఖాళీగా లేదు. ఒకాయన పరీక్షను వరసగా ఐదుసార్లు చేశారట. ఐదోసారికి కమురు వాసన కొట్టిందని, క్లచ్ పోయినట్టేనా అని కంగారుగా అడిగారు. పోలేదండీ. ఆ వాసన ఆ ఐదుసార్ల వల్ల వచ్చిందే. ఒక్కసారే చేయాలి, చేశాక బండిని చల్లారనివ్వాలి. ఈ మాట అప్పుడే గట్టిగా చెప్పాల్సింది, చెప్పకపోవడం నా తప్పు.

అందుకే మళ్లీ చెబుతున్నాను. ముందు మనిషి గానీ గోడ గానీ లేని చదునైన చోట ఆపండి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, కుడికాలు బ్రేక్ మీద గట్టిగా ఉంచి, ఇంజిన్ స్టార్ట్ చేసి, నాలుగో గేరు వేసి క్లచ్ వదలండి. క్లచ్ బాగుంటే పెడల్ పైకి వస్తుండగానే ఇంజిన్ కొట్టుకుని ఆగిపోతుంది. పెడల్ మొత్తం వదిలేశాక కూడా ఇంజిన్ ఆడుతూనే ఉంటే క్లచ్ ప్లేట్, అంటే ఇంజిన్‌ని గేర్ బాక్స్‌తో పట్టి ఉంచే బిళ్ల, జారుతోందని అర్థం. వెంటనే తాళం తిప్పి ఆపేయండి.

నన్నడిగితే దీనికంటే వంతెన పరీక్షే మేలు. మన గోదావరి డెల్టా నేల బల్లపరుపు. అమలాపురం నుంచి రాజోలు దాకా రోజూ తిరిగినా, జారే క్లచ్ చాలాకాలం బయటపడదు. బరువుతో చించినాడ వంతెనో, ఏటిగట్టో ఎక్కినప్పుడు దొరికిపోతుంది. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, మూడో గేరులో నలభై వేగంతో ఎక్కుతూ యాక్సిలరేటర్ బాగా తొక్కండి. ఇంజిన్ అరుపు పెరిగి, వేగం ముల్లు మాత్రం అక్కడే ఉందంటే జారుతున్నట్టే. ఇంజిన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు లేని పాత కార్లలో చెవిని నమ్మండి.

ఇక అసలు సంగతి. ఫోన్ చేసినవాళ్లలో సగం మంది ఒకే మాట అన్నారు: "గేరు పడటం లేదండీ, ప్లేట్ అరిగిపోయినట్టుంది." ఈ మాట వింటే నాకు మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే దీని వెనక బోలెడు డబ్బు వృథా అవుతుంది.

క్లచ్‌కి రెండు పనులు. పెడల్ వదిలితే ఇంజిన్‌ని, గేర్ బాక్స్‌ని పట్టుకోవాలి. పెడల్ తొక్కితే వాటిని విడదీయాలి. ప్లేట్ అరిగితే పోయేది పట్టు: ఇంజిన్ అరుస్తుంది, బండి లాగదు. గేరు పడకపోవడం, రివర్స్ వేస్తే గర్రుమనడం విడుపు లోపం. అరిగిన ప్లేట్ పలచబడుతుంది, జారుతుంది, అంతేగానీ గేరుకు అడ్డం పడదు. ప్లేట్ వంకరపోవడం, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేట్ వేళ్లు విరగడం లాంటివి ఉన్నాయి, కానీ వాటిని ఆఖర్న అనుమానించండి.

రాజోలు వైపు ఒకాయనకు ఒక షెడ్డులో గేర్ బాక్స్ దించి క్లచ్ సెట్ మొత్తం మార్చారు. మర్నాడు పొద్దున రివర్స్ మళ్లీ గర్రుమంది. ఆయన కారుది కేబుల్ క్లచ్, అంటే పెడల్ తొక్కితే తీగ లాగి క్లచ్‌ని విడదీసే రకం. నేను వెళ్లి గేర్ బాక్స్ వైపు కేబుల్ కొస చూశాను. తీగపోగులు తుప్పుపట్టి, సగానికి సగం తెగి, పాత చీపురులా విచ్చుకుని ఉన్నాయి. పెడల్ తొక్కిన ప్రతిసారీ మిగిలిన పోగులు సాగుతున్నాయి, అవతల క్లచ్‌ని విడదీసే ఫోర్క్ పూర్తిగా కదలడం లేదు. కేబుల్ మార్చాక గేరు వెన్నలా పడింది.

కాబట్టి గేరు పడకపోతే ఇలా చూడండి. ఇంజిన్ ఆపి గేర్లన్నీ వేయండి. ఆపినప్పుడు సుఖంగా పడి, ఆడుతున్నప్పుడు మొరాయిస్తే క్లచ్ విడవడం లేదు. ఆపినా పడకపోతే గొడవ గేర్ లింకేజీలోనో (గేరు కర్రను గేర్ బాక్స్‌కి కలిపే భాగాలు) గేర్ బాక్స్‌లోనో ఉంది, క్లచ్ జోలికి పోకండి.

క్లచ్ విడవడం లేదని తేలితే ముందు కాలికింద చూడండి. వానాకాలం బురదకి మ్యాట్ మీద మ్యాట్ వేస్తాం కదా, పెడల్ నేల దాకా పోదు. రెండూ తీసి మళ్లీ వేసి చూడండి. హైడ్రాలిక్ క్లచ్ (తీగకి బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) అయితే పెడల్ మూడుసార్లు గబగబా కొట్టి గేరు వేయండి. అప్పుడు పడితే ఆయిల్ తగ్గిందో, గాలి చేరిందో, సిలిండర్ సీలు పోయిందో. పెడల్ కడ్డీ లోపలికి పోయే చోట వేలితో తడమండి. పొడిగా ఉండాలి. జిడ్డు తగిలితే పెడల్ దగ్గరుండే పై సిలిండర్ కారుతున్నట్టు. ఆ వేలు కారు రంగుకి తుడవకండి, అందులో ఉండేది బ్రేక్ ఆయిలే, అది రంగును తినేస్తుంది. గేర్ బాక్స్ వైపుండే కింది సిలిండర్ రబ్బరు తొడుగు కూడా చూడాలి.

2022 జూలై వరదలో నీళ్లలో నిలిచిన ఒక కారుదీ విడుపు లోపమే. పెడల్ మామూలుగానే ఉంది, కేబుల్ కొత్తది. ప్లేట్ తుప్పుతో ఫ్లైవీల్‌కి (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) అతుక్కుపోయింది. బండిని గేర్లో కుదిపి విడదీసేవాళ్లు ఉన్నారు గానీ, ఇంటి దగ్గర మీరు ఆ పని చేయొద్దు.

పట్టు పోయిందని తేలినా వెంటనే ప్లేట్ కొనకండి. కేబుల్ మరీ బిగిస్తే, పెడల్ పైన కొంచెం కూడా ఖాళీ ఆట (క్లచ్ మీద ఒత్తిడి పడకముందు పెడల్ ఉత్తినే కదిలే దూరం) లేకపోతే, కొత్త ప్లేట్ కూడా జారుతుంది. ఆ ఆట మీ కారు పుస్తకంలో ఎంతని ఉందో అంత ఉండాలి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కడానికి వరసలో ఉన్నప్పుడు హాఫ్ క్లచ్‌లో, అంటే పెడల్ సగమే వదిలి, కారుని నిలబెట్టేవాళ్లను చూస్తుంటాను. దయచేసి బ్రేక్ వాడండి. మీ ప్లేట్‌ని తినేది ఆ అలవాటే.

సాధన: వచ్చే వారం రోజులూ పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉండగా, పెడల్ నేల నుంచి ఎంత ఎత్తుకొచ్చాక బండి కదులుతోందో స్కేలుతో కొలిచి రాసుకోండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుంటే కొలవడం తేలిక. ఆ ఏడు అంకెలూ దగ్గర పెట్టుకోండి, బేరింగ్ శబ్దాల పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.