జిగ్‌సా మిషన్‌తో ఫ్లోకే పాఠం చెప్పడం ఎలా?

ఒకే లయలో పదేపదే కుదిపితే వస్తువు తీరే మారిపోతుందన్నది ఫ్లోకే పాఠం సారం. అలా లయగా ఊగే లేజర్ కాంతి పడితే పదార్థం గుణమే మారుతుందంటే మా తిరుపతి డిగ్రీ పిల్లలు నమ్మలేదు. "వేడెక్కుతుంది, అంతేగా సార్!" అన్నారు. అందుకే ముందు ఈ ప్రయోగం చూపిస్తాను.

కొర్లగుంటలో తెలిసిన వడ్రంగిని జిగ్‌సా మిషన్ (బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్క కోసేది) అడిగాను. "ఐస్‌క్రీమ్ పుల్ల ఆడించడానికా సార్!" అని నవ్వి, పాత బ్లేడు పళ్లు అరగదీసి, చివర బెజ్జం వేసి ఇచ్చాడు. పుల్ల ఒక చివర బెజ్జం పెట్టి బోల్టుతో తగిలించండి. నట్టు బిగించేయకండి, పుల్ల ఊదితే తిరిగేంత వదులుండాలి. నేను మొదటిసారి బిగించేసి క్లాసులో పరువు పోగొట్టుకున్నాను.

మిషన్‌ను బ్లేడు పైకి ఉండేలా బల్లకు గట్టిగా బిగించండి. కళ్లద్దాలు తప్పనిసరి. పుల్లను నిటారుగా పట్టుకుని స్పీడు పెంచండి. బ్లేడు 2 సెంటీమీటర్లు ఆడేదైతే నిమిషానికి 1200 దెబ్బలు దాటాక, ఇంకాస్త పెంచి వదలండి. పుల్ల పడదు! వేలితో తోసినా ఊగి మళ్లీ నిలబడుతుంది. స్విచ్ ఆపగానే టపీమని పడుతుంది.

ఇప్పుడు అసలు పాఠం. లయగా ఆడే బ్లేడు పుల్ల తీరును మార్చినట్టే, లయగా ఊగే కాంతి ఎలక్ట్రాన్ తీరును మారుస్తుంది. బ్లేడు స్థానంలో కాంతి తరంగం, పుల్ల స్థానంలో ఎలక్ట్రాన్ అనుకోమనండి. 2013లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో బిస్మత్ సెలినైడ్ అనే స్ఫటికం మీద ఇన్‌ఫ్రారెడ్ లేజర్ పల్స్ (క్షణికమైన మెరుపు) వేస్తే, ఎలక్ట్రాన్ శక్తి పట్టీలకు (ఎలక్ట్రాన్లు ఉండగల శక్తులకు) ఒక్కో ఫోటాన్ (కాంతి రేణువు) శక్తి ఎడంతో నకళ్లు కనిపించాయి. పల్స్ పోగానే అవీ మాయం. పోలిక ఇంతవరకే, పుల్లలో క్వాంటం ఏమీ లేదని పిల్లలకు చెప్పేయండి.