మసక వెనుక గాజు – పాఠం 4: వెలుగు బిళ్ళను చదవడం

పోయిన పాఠంలో ఫొటోలో నేపథ్యం ఎంత మసకబారుతుందన్నది లెక్కగట్టాం. ఎఫ్ 1.8 (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) దగ్గర 50 మి.మీ. లెన్స్‌లో వెలుగు దూరే దారి వెడల్పు సుమారు 28 మి.మీ., 85 మి.మీ. లెన్స్‌లో 47 మి.మీ. ముఖం ఫ్రేములో ఒకే సైజులో ఉండేలా తీస్తే, రెండోదానిలో దూరపు నేపథ్యం అంత ఎక్కువగా కరిగిపోతుంది.

కానీ ఆ లెక్క ఒక్కటే చాలదు. ఫోకల్ లెంగ్త్ (50, 85 లాంటి మి.మీ. అంకె), అపర్చర్ (వెలుగు దూరే ఆ దారి) ఒకటే అయినా ఒక లెన్స్‌లో వెనకున్న కొమ్మలు మెత్తగా కలిసిపోతాయి. ఇంకో లెన్స్‌లో ఒక్కో రెమ్మా రెండు గీతలుగా చీలి, ముఖం మీద నిలవాల్సిన చూపును లాగేసుకుంటుంది. తేడా అంతా గాజు అమరికలో ఉంది.

ఫోకస్‌లో లేని ప్రతి చుక్కా ఒక బిళ్ళగా పరుచుకుంటుంది. నేపథ్యమంటే ఒకదానిమీద ఒకటి పడ్డ వేల బిళ్ళలే. కాబట్టి ముందు ఒక్క బిళ్ళను చూడటం నేర్చుకుందాం.

గది చీకటి చేసి, నాలుగైదు మీటర్ల దూరంలో చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టండి. మాన్యువల్ ఫోకస్‌ను ఒక మీటరు దగ్గర ఆపి, అపర్చర్ పూర్తిగా తెరవండి. ఎక్స్‌పోజర్ బాగా తగ్గించండి. బిళ్ళ తెల్లగా మాడిపోతే లోపలేముందో కనపడదు.

మొదట అంచు చూడండి. లెన్స్ అంచుల నుంచి వచ్చే కిరణాలు, మధ్య నుంచి వచ్చేవి సరిగ్గా ఒకేచోట కలవవు. దీన్ని గోళీయ దోషం అంటారు. డిజైనర్ దీన్ని అవసరానికి మించి సరిదిద్దితే, వెనకటి బిళ్ళకు మెరిసే అంచు వస్తుంది. మూడే గాజు ముక్కలున్న మేయర్ ట్రయోప్లాన్ 100 మి.మీ. లెన్స్ సబ్బు బుడగల్లాంటి బిళ్ళలకు పేరుపడింది ఇలాంటి అంచు వల్లే. కాస్త తక్కువగా సరిదిద్దితే బిళ్ళ మధ్యలో వెలిగి, అంచు వైపు ఆరిపోతూ వస్తుంది. పోర్ట్రెయిట్‌కు నాకు కావలసింది ఇదే. చురుకుదనం రవ్వంత తగ్గినా ఫరవాలేదు, అలాంటి ఫొటోలో ఫోకస్‌లో లేని భాగమే ఎక్కువ కదా!

అయితే వెనక మెత్తగా ఉన్న ఆ లెన్సే, ఫోకస్‌కు ముందున్న వస్తువులకు కరుకు అంచు ఇస్తుంది. అందుకే నికాన్ 1990లో తెచ్చిన 135 మి.మీ. డీసీ లెన్స్‌లో మెత్తదనం ముందుకా వెనక్కా అన్నది తేల్చుకోవడానికి ఒక రింగు పెట్టింది. మినోల్టా 1999లో ఇంకో దారి పట్టింది. దాని 135 మి.మీ. ఎస్‌టీఎఫ్ లెన్స్‌లో అంచులకు పోయేకొద్దీ నల్లబడే గాజు ఉంటుంది. రెండువైపులా మెత్తదనమే, కానీ వెలుగు తగ్గుతుంది: ఎఫ్ 2.8 లెన్స్ అయినా లోపలికొచ్చేది టీ 4.5 అంతే (టీ అంటే నిజంగా లోపలికొచ్చే వెలుగును చెప్పే అంకె).

బిళ్ళ లోపల ఉల్లిపాయ పొరల్లాంటి వలయాలుంటే, అవి ఆస్ఫెరికల్ (గోళాకారం కాని వంపున్న) గాజును పోత పోసిన అచ్చు మీది సన్నని గీతల జాడలు.

ఇప్పుడు దీపం ఫ్రేము మూలకు వచ్చేలా కెమెరా తిప్పండి. బిళ్ళ పిల్లికన్నులా నొక్కుకుపోతుంది, లెన్స్ గొట్టం అంచు వెలుగును కోసేస్తుంది మరి. అపర్చర్‌ను రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది) మూస్తే చాలావరకు సర్దుకుంటుంది. కానీ అపర్చర్‌ను మూసే రేకులు, అంటే బ్లేడ్లు, తక్కువగా, తిన్నగా ఉంటే అప్పుడు బిళ్ళకు కోణాలు తేలతాయి.

అభ్యాసం: నాలుగు ఫొటోలు తీయండి. మధ్యలో ఒకటి, మూలలో ఒకటి, మూలలోనే రెండు స్టాపులు మూసి ఇంకొకటి. నాలుగోదానికి ఫోకస్‌ను దీపం కంటే దూరంగా పెట్టండి. ఒక్కోదాని అంచు ఎలా ఉందో రాసుకోండి. అంచున పచ్చ, గులాబీ ఛాయలు కనిపిస్తే అవీ రాయండి, వాటి సంగతి 5వ పాఠంలో.