డంపింగ్ యార్డు దగ్గర పాత సామాన్ల కొట్టు: వానలు పడకముందే చూసుకోవలసినవి

2023 మేలో కేంద్రం పిలుపుతో మన పట్టణాల్లో ఆర్‌ఆర్‌ఆర్ కేంద్రాలు (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) తెరుచుకున్నాయి. పాత బట్టలు, పుస్తకాలు, బొమ్మలు తెచ్చి ఇస్తే అవసరమైనవాళ్లు తీసుకుపోయే ఏర్పాటు అది. ఆలోచన మంచిదే. కానీ మంచాలు, బీరువాలు, ఫ్యాన్లు, తలుపులు వార్డు ఆఫీసు వరండాలోకి రావు. అవి ట్రాక్టరెక్కి నేరుగా డంపింగ్ యార్డుకు పోతాయి. కాబట్టి కొట్టు కూడా అక్కడే ఉండాలని ఎవరికైనా తడుతుంది. అమెరికాలోని బర్క్‌లీలో డాన్ నాప్ 1980 ప్రాంతంలో ఊరి చెత్తగుట్ట దగ్గర ఏరిన సామానుతోనే అర్బన్ ఓర్ అనే పాత సామాన్ల కొట్టు మొదలుపెట్టారు. ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో 1993 నుంచి ఒక సహకార సంఘం ఇలాంటి కొట్టు నడుపుతోంది. మన దగ్గర మునిసిపాలిటీ చొరవ తీసుకుని, పొదుపు సంఘాలు ముందుకొస్తే సాధ్యం కానిదేమీ కాదు.

అయితే ఇది బజారులో పెట్టే కొట్టు కాదు. పక్కనే గుట్ట, దాని కింద గ్యాసు, లోపలికొచ్చే ప్రతి బండిలో ఏముందో తెలియని సరుకు. దానికి తోడు నైరుతి రుతుపవనాలు. జూన్‌లో తెరవాలనుకుంటే ఈ పనులు మే నెలలోనే ముగించుకోవాలి.

గుట్టకు ఎంత దూరం

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది స్థలం. కొట్టు తూకం కాటా కన్నా ముందు ఉండాలి. బండి గేటు దాటగానే మొదట కొట్టు దగ్గర ఆగాలి, పనికొచ్చేది దింపాక కాటా ఎక్కాలి. గుట్ట మీద ఒకసారి పడిన వస్తువును, అది టేకు బల్లయినా సరే, వెనక్కి తేకూడదు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే సగం ప్రమాదాలు తప్పుతాయి. ఇది సడలిన రోజున మిగతా జాగ్రత్తలన్నీ కాగితానికే పరిమితం.

గుట్ట జారడం ఊహ కాదు. 2000 జూలై 10న మనీలా దగ్గరి పయటాస్‌లో రోజుల తరబడి కురిసిన వానకు చెత్తకొండ విరిగిపడి రెండు వందల మందికి పైగా చనిపోయారు. 2017 ఏప్రిల్ 14న, సింహళ ఉగాది రోజున, కొలంబోలోని మీథొటముల్లలో ఇళ్లమీద పడింది. అదే ఏడాది సెప్టెంబరు 1న ఢిల్లీలోని ఘాజీపూర్ గుట్ట నుంచి ఒక భాగం కాలువలోకి కూలి, రోడ్డు మీద పోతున్న వాహనాలను తోసేసి ఇద్దరిని బలి తీసుకుంది. రోడ్డు మీద పోతున్నవాళ్లకే రక్షణ లేనప్పుడు, గుట్ట పాదంలో రేకుల షెడ్డు వేసుకుని కూర్చుంటే ఏమవుతుంది? గుట్ట ఎత్తుకు ఎన్నో రెట్ల దూరంలో, వాలుకు ఎదురుగా కాకుండా పక్కకు కట్టండి. ఎంత దూరమన్నది మునిసిపల్ ఇంజనీరు చేత కాగితం మీద రాయించుకోండి. అప్పుడు ఆయన కూడా ఒకసారి వచ్చి కళ్లారా చూస్తారు.

పాత చెత్త పూడ్చిన నేల పైకి గట్టిగా, చదునుగా కనిపిస్తుంది. మోసపోవద్దు. కింద కుళ్లుతున్న చెత్త నుంచి వచ్చే గ్యాసులో దాదాపు సగం మీథేన్. గాలిలో అది అయిదు నుంచి పదిహేను శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు. చవగ్గా దొరుకుతుంది కదా అని పాత షిప్పింగ్ కంటైనరు తెచ్చి ఆ నేల మీద దించుతుంటారు. రాత్రంతా మూసిన పెట్టెలో కింది నుంచి గ్యాసు చేరుతుంది, పొద్దున్నే వచ్చినవాళ్లు లైటు స్విచ్చి వేస్తారు. కంటైనరే పెట్టాలంటే దిమ్మెల మీద ఎత్తుగా, కింద గాలి ఆడేలా పెట్టండి. రెండు వైపులా మూతపడని కిటికీలుండాలి. తలుపు తీసి కాసేపు వదిలేశాకే లోపలికి వెళ్లాలి. నాలుగు స్తంభాలు, పైన రేకు, గోడలు లేని షెడ్డయితే ఈ బెడదే లేదు. నా ఓటు దానికే.

నీటి సంగతి కూడా చూసుకోండి. గుట్ట నుంచి కారే నల్లటి ఊటనీరు వాన పడితే పల్లానికి పరుగు తీస్తుంది. హైదరాబాద్ జవహర్‌నగర్ డంపింగ్ యార్డు నుంచి కారిన ఊట మల్కారం చెరువును ఏం చేసిందో ఆ చుట్టుపక్కలవాళ్లను అడిగితే చెబుతారు. కొట్టు నేల చుట్టుపక్కల కన్నా ఎత్తులో ఉండాలి, సామాను ఇటుకల మీదో చెక్కల మీదో ఉండాలి. అక్కడి బోరు నీరు తాగడానికి కాదు, చేతులు కడగడానికి కూడా వద్దు. క్యాన్ నీళ్లు తెప్పించుకోండి.

దింపుడు బల్ల దగ్గర ‘వద్దు’ అనడం

కొట్టు నడిచేదీ మునిగేదీ సామాను దింపించుకునే బల్ల దగ్గరే. అక్కడ కూర్చునే మనిషికి మొహమాటం ఉండకూడదు. ఇంత దూరం మోసుకొచ్చాం, తీసుకోండమ్మా అని బతిమాలేవాళ్లుంటారు. కౌన్సిలరు పేరు చెప్పేవాళ్లుంటారు. తీసుకోని వస్తువుల జాబితా పెద్ద అక్షరాలతో గేటు దగ్గరే రాయించి పెడితే, మనిషికి బదులు బోర్డే కాదంటుంది.

ఆసుపత్రి సామాను ఏదైనా సరే తిప్పి పంపండి. సెలైన్ సీసాలు, సిరంజిలు సరేసరి, ఆసుపత్రి మూసేస్తున్నాం అంటూ తెచ్చే యంత్రాలు కూడా. బరువుగా, సీసపు తొడుగుతో, మూడు రెక్కల పసుపు రేడియేషన్ గుర్తుతో ఏది కనిపించినా ముట్టుకోకండి. మనుషులను దూరంగా పంపి 112కు ఫోను చేయండి. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత ప్రయోగశాల పరికరం మాయాపురి తుక్కు బజారుకు చేరింది. అందులో రేడియోధార్మిక పదార్థమైన కోబాల్ట్-60 ఉందని విప్పినవాళ్లకు తెలియదు. ఒకరు ప్రాణం కోల్పోయారు, పలువురు ఆసుపత్రి పాలయ్యారు. ఆ పరికరం ఎక్కడో దొంగచాటుగా రాలేదు, రసీదు మీదే వచ్చింది. రసీదు ఉందని ధైర్యపడవద్దని చెప్పడానికే ఈ సంగతి.

పల్లెలకు దగ్గరి పట్టణాలైతే పురుగుమందుల డబ్బాలు వస్తాయి. శుభ్రంగా కడిగామంటారు. మూత గట్టిగా ఉంటుంది కాబట్టి కొనేవాళ్లు వాటిలో నీళ్లో, నూనో, పప్పులో పోసుకుంటారు. ఎంత కడిగినా ఆ ప్లాస్టిక్కు మందును వదలదు. తీసుకోవద్దు, ఊరికే ఇచ్చినా వద్దు.

సిమెంటు రేకులకు గిరాకీ ఎక్కువ, దొడ్లకూ వంటపాకలకూ కొంటారు. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కోసినా, విరిగినా దాని నార గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. మన దేశంలో నిషేధం లేదు కాబట్టి, అమ్మితే తప్పేమిటని వాదించేవాళ్లుంటారు. అయినా మీరు తీసుకోవద్దు.

పరుపులు, దిండ్లు వద్దు. నల్లులు ఒక్కసారి కొట్టులో చేరితే బీరువా సందుల దాకా పాకుతాయి. చెక్క మంచాలు తీసుకోవచ్చు కానీ కోళ్ల సందులు, పట్టీల కింది భాగం టార్చి వేసి చూడాలి, మే ఎండలో కొన్ని రోజులు ఆరుబయట పడేయాలి. వానాకాలంలో ఆ అవకాశం ఉండదు. సోఫాలైతే కూర్చునే మెత్త పక్కనున్న సందులో చేయి పెట్టకండి. షుగరు ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి వచ్చినవాటిలో ఇన్సులిన్ సూదులు ఉంటాయి. సోఫాను బోర్లా తిప్పి దులపండి, రాలినదాన్ని పటకారుతో తీసి గట్టి డబ్బాలో వేయండి.

హెల్మెట్లు వద్దు, లోపలి బెండులో పగులు ఉందో లేదో పైకి తెలియదు. గ్యాసు సిలిండర్లు ఆయిల్ కంపెనీల ఆస్తి, వాటిని మీరు కొనడానికీ లేదు అమ్మడానికీ లేదు. ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. రంగు పెచ్చులు లేచిన పాత ఊయలలు, పిల్లల కుర్చీలు తీసుకోవద్దు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు) మించరాదన్న నియమం 2017 నవంబరులోగానీ అమల్లోకి రాలేదు. అంతకు ముందు రంగు వేసిన తలుపును గరుకు కాగితంతో రుద్దితే ఆ పొడి పీల్చేది రుద్దినవాళ్లే.

కుక్కరు, మిక్సీ, ఫ్రిజ్

ప్రెషర్ కుక్కరు చేతికి రాగానే మూత తీసి, ఆవిరి గొట్టాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని కన్ను పెట్టి చూడండి. అవతలి వెలుగు గుండ్రంగా కనిపించాలి. పప్పు పొట్టు అడ్డం పడి ఉంటే సన్నటి తీగతో తీసి మళ్లీ చూడండి. తరువాత గిన్నెను నాపరాయి మీద పెట్టి వేలితో తట్టండి. ఊగితే అడుగు ఉబ్బినట్టే, అది తుక్కుకు పోవాలి. నిలకడగా ఉంటే సేఫ్టీ వాల్వు, గాస్కెట్టు రెండూ కొత్తవి వేయండి. పాతవి బాగానే ఉన్నాయి కదా అనే మాట కుక్కరు దగ్గర చెల్లదు. ఆ రెంటి ఖర్చు ధరలో కలుపుకోండి, ఎవరూ కాదనరు.

కరెంటు వస్తువులు తెచ్చిన రోజే ప్లగ్గులో పెట్టకూడదు, వానలో తడిసి వచ్చినవి అసలే కాదు. ఆరాక ఎలక్ట్రీషియన్ల సిరీస్ బల్బు బోర్డుకు (కరెంటు ఒక బల్బు గుండా వెళ్లి వస్తువుకు చేరే బోర్డు) తగిలించి చూడాలి. బల్బు నిండు వెలుగుతో వెలిగితే లోపల షార్టు ఉండవచ్చని. ఇనుప ఒళ్లున్న ఇస్త్రీ పెట్టె, గ్రైండరు, కూలరు వంటివి మెగ్గరు (ఒంటికి కరెంటు లీకవుతోందేమో చూపే మీటరు) పెట్టి చూసి, మూడు పిన్నుల ప్లగ్గు ఉంటేనే అమ్మకానికి పెట్టాలి. పరీక్ష బల్లకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. వాన కురుస్తున్నప్పుడు పరీక్షలు ఆపేయండి. పాత డబ్బా టీవీ వెనక మూత విప్పవద్దు, తీగ పీకేసిన తరువాత కూడా పిక్చర్ ట్యూబులో కొట్టి పడేసేంత కరెంటు నిలిచి ఉంటుంది.

ఫ్రిజ్ దింపగానే చేయవలసిన మొదటి పని తలుపు తాడుతో కట్టడమో ఊడదీయడమో. అమ్మానాన్నలు బేరం ఆడుతుంటే పిల్లలు దాగుడుమూతలు ఆడతారు. కొత్త ఫ్రిజ్‌ల కంప్రెసరు మీద ఆర్-600ఏ అని ఉంటే అందులోది మండే గ్యాసు. గొట్టం కోసి రాగి తీయాలని ఎవరైనా ప్రయత్నిస్తే ఆపండి.

బ్యాటరీలకు వేరే చోటు కావాలి. ఉబ్బిన ఫోను బ్యాటరీ, పవర్ బ్యాంకు పొడి ఇసుక పోసిన ఇనుప బకెట్టులో వేసి, షెడ్డు బయట, వాన తగలని చోట ఉంచాలి. ఇన్వర్టరు బ్యాటరీలు అమ్మకానికి కాదు, గుర్తింపు పొందిన రీసైక్లర్లకు ఇవ్వాలి. గుట్ట పక్కన మొదలైన మంట ఎంతసేపు ఉంటుందో కొచ్చిలోని బ్రహ్మపురం చూపించింది. 2023 మార్చి 2న అంటుకున్నది పది రోజులు దాటినా పూర్తిగా ఆరలేదు. కొట్టు పరిసరాల్లో బీడీ, అగర్‌బత్తి ఏదీ వద్దు. పూజ చేసుకోవాలంటే గేటు బయట చేసుకోండి.

మనుషుల సంగతి

పనిలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ ధనుర్వాతం టీకా, హెపటైటిస్-బి టీకా వేయించాలి. హెపటైటిస్-బి మూడు మోతాదులు పూర్తి కావడానికి ఆరు నెలలు పడుతుంది కాబట్టి మొదటిది ఇవాళే వేయిస్తే మంచిది. సూది గుచ్చుకుంటే నొక్కి రక్తం పిండకండి, సబ్బుతో పారే నీటిలో కడిగి వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటాక ఉపయోగం లేదు.

వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీటిలో తిరిగితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. మోకాళ్ల దాకా గమ్‌బూట్లు కొనివ్వండి, కాలికి పుండు ఉన్నవాళ్లను ఆ రోజు బల్ల దగ్గర కూర్చోబెట్టండి. టైర్లు తీసుకోకపోవడమే మంచిది, తీసుకుంటే నీరు నిలవకుండా కప్పు కిందే ఉంచాలి, లేదంటే డెంగీ దోమలకు మనమే ఇల్లు కట్టినట్టు. తడి నేల నుంచి తప్పించుకుని కట్లపాములు, రక్తపింజరలు బీరువాల కిందికి, చుట్టిన చాపల్లోకి చేరతాయి. పొద్దున్నే మొదటి వస్తువును చేత్తో కాదు, కర్రతో కదపాలి. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో ఉందో ముందే వెళ్లి అడిగి, ఆ పేరు గోడ మీద రాసి పెట్టండి.

కొట్టు వస్తే నష్టపోతామని భయపడేది అక్కడ చెత్త ఏరుకుని బతికే కుటుంబాలు. వారిని కలుపుకుని పోవాలని 2016 ఘనవ్యర్థాల నియమాలే చెప్పాయి. పుణేలో చెత్త ఏరేవారి సహకార సంఘం స్వచ్ఛ్ నగరంతో ఒప్పందం మీదే పనిచేస్తోంది. ఏ వస్తువుకు ఏ ధర పలుకుతుందో, ఏ సంచిలో సూది ఉంటుందో వాళ్లకు తెలిసినంతగా ఏ కన్సల్టెంటుకూ తెలియదు. దింపుడు బల్ల దగ్గర కూర్చోబెట్టవలసింది వాళ్లనే, అదీ నెల జీతం మీద. రాగి, ఇనుము, అట్టలు ఎప్పటిలాగే వాళ్లవిగా వదిలేయండి.

పోలీసులతో తంటా రాకుండా

దొంగసొత్తు అని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం. తెచ్చినవాళ్ల పేరు, ఫోను నంబరు, బండి నంబరు రిజిస్టరులో రాయండి. మ్యాన్‌హోల్ మూతలు, నీటి మీటర్లు, బోరు మోటార్ల కేబుళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ తీగ, రైల్వే సామాను, ఇవి ఎవరు తెచ్చినా దింపించుకోవద్దు. ఫోను తీసుకునే ముందు కేవైఎం అని ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు సంఖ్య) వేసి 14422కు ఎస్‌ఎంఎస్ పంపితే దాని వివరాలు వస్తాయి. కంప్యూటర్ల హార్డ్ డిస్కులు యజమాని ఎదుటే ఊడదీసి చేతికివ్వండి.

నేరంతో సంబంధం లేని చిక్కు ఇంకొకటుంది. అద్దం పగిలిన దేవుడి పటాలు సంచుల కొద్దీ వస్తాయి. ఎవరూ పారేయలేరు, ఎవరూ కొనరు. ఫ్రేములు మాత్రం బాగుంటాయి. పటం తీసి తెచ్చినవాళ్లకే ఇచ్చి, ఫ్రేము ఉంచుకుంటామని బోర్డులో రాస్తే అక్కడికక్కడే తేలిపోతుంది. పోయినవాళ్ల మంచం అని తెలిస్తే కూడా కొనరు. మంచం ఎవరిదని ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పకండి, ధర తగ్గించి చెప్పండి.

వాతావరణశాఖ ఆరెంజ్ లేదా రెడ్ హెచ్చరిక ఇచ్చిన రోజు కొట్టు తెరవకూడదు. ఆ సంగతి ముందురోజు సాయంత్రమే ట్రాక్టరు డ్రైవర్లకు, కాటా దగ్గరి గుమస్తాకు ఫోను చేసి చెప్పాలి. చెప్పకపోతే సామాను గేటు దగ్గరే దింపేసి పోతారు, తెల్లారేసరికి అదంతా తడిసి గుట్టకే చేరుతుంది. వాన వెలిశాక మొదట గుట్ట వాలును దూరం నుంచి చూడండి. కొత్త పగుళ్లు, ఉబ్బిన చోట్లు, ఊట దారి మార్చిన గుర్తులు ఉంటే ఇంజనీరు వచ్చి చూసేదాకా తాళం తీయవద్దు.