కార్ కిట్ అద్దాలకి సూపర్ గ్లూ వద్దు, ఫెవికాల్ చాలు

1/24 స్కేల్, అంటే అసలు కారులో 24వ వంతు సైజు ప్లాస్టిక్ మోడల్ కార్ కిట్లు కట్టేవాళ్ళకి ఒక మాట, విండ్‌షీల్డ్, హెడ్‌లైట్ అద్దాలు (పారదర్శక ప్లాస్టిక్ ముక్కలు) అతికించేటప్పుడు మాత్రం సూపర్ గ్లూ జోలికి పోకండి. అది గట్టిపడేటప్పుడు వచ్చే ఆవిరి అద్దం మీద తెల్లటి పొగమంచులా పేరుకుపోతుంది, తుడిస్తే పోదు. నేను నెలంతా కూర్చుని పెయింట్ వేసిన స్కైలైన్ కారు మోడల్‌కి చివరి రోజు ఇలాగే అయ్యింది, ప్రాణం ఉసూరుమంది. ప్లాస్టిక్ సిమెంట్ (ప్లాస్టిక్ కిట్లకి వాడే జిగురు) కూడా వద్దు, అది ప్లాస్టిక్‌ని కరిగించి అతికిస్తుంది కాబట్టి ఒక్క చుక్క జారినా అద్దం మీద మచ్చ పడిపోతుంది.

పిల్లల క్రాఫ్ట్ పనులకి వాడే తెల్ల ఫెవికాల్ ఉంది చూడండి, అదే తీసుకోండి. టూత్‌పిక్ కొనతో అద్దం అంచు చుట్టూ సన్నగా రాసి, బాడీ లోపలివైపు నుంచి పెట్టి, కదలకుండా చిన్న టేప్ ముక్క వేసి రాత్రంతా వదిలేయండి. ఆరాక తెల్లదనం పోయి కనపడకుండా అయిపోతుంది, బయటికి వచ్చిన జిగురు ఆరకముందే తడి ఇయర్‌బడ్‌తో తుడిచేస్తే సరి. పట్టు మరీ గట్టిగా ఉండదు కానీ అద్దం బరువెంతని, అది చాలు. వంకరగా కూర్చుందనుకోండి, మెల్లగా ఊడదీసి మళ్ళీ పెట్టుకోవచ్చు కూడా.