హెల్త్ ప్రమోషన్ కార్యకర్తలకు వృత్తి సంఘం: ఏం చేయాలి, ఎలా నడపాలి

డాక్టరు ఏం చేస్తారో, నర్సు ఏం చేస్తారో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. జబ్బు రాకముందే జనం ఆరోగ్యాన్ని కాపాడేందుకు పనిచేసే హెల్త్ ప్రమోషన్ కార్యకర్త పని ఏమిటని అడిగితే మాత్రం పదిమంది పది రకాలుగా చెబుతారు. కరపత్రాలు పంచడమని ఒకరు, పొగతాగే అలవాటు మాన్పించడమని ఒకరు, ఆఫీసుల్లో వ్యాయామ తరగతులు పెట్టడమని ఇంకొకరు. పని ఏమిటో తేలని చోట దానికి అర్హత ఏమిటో, జీతం ఎంతో కూడా తేలదు. బడ్జెట్ తగ్గినప్పుడు ముందుగా ఎగిరిపోయేది ఆ పోస్టే. అందుకే సంఘం పెట్టేవారు సదస్సులు, లోగోల కంటే ముందు ‘మా పని ఇదీ’ అని చెప్పే రెండు పేజీల పత్రం తయారుచేయాలి. సభ్యత్వం, శిక్షణ, ఫిర్యాదుల విచారణ అన్నీ దాని మీదే నిలుస్తాయి.

పని ఏమిటో రాసుకోవడం

దీన్ని మొదటి నుంచీ కనిపెట్టాల్సిన పనిలేదు. హెల్త్ ప్రమోషన్‌పై తొలి అంతర్జాతీయ సదస్సు 1986 నవంబరులో వెలువరించిన ఒట్టావా చార్టర్ ఈ రంగాన్ని అయిదు భాగాలుగా చూపింది: ఆరోగ్యానికి మేలు చేసే ప్రభుత్వ విధానాలు, అనుకూలమైన పరిసరాలు, ప్రజల సామూహిక కృషికి బలం, వ్యక్తుల నైపుణ్యాలు, వైద్య సేవలను నివారణ వైపు మళ్లించడం. కరపత్రాలు, ఆరోగ్య పాఠాలు ఎక్కువగా నాలుగో భాగం కిందికే వస్తాయి. యూరప్‌లో తయారైన కాంప్‌హెచ్‌పీ చట్రం ఇంకాస్త ముందుకు వెళ్లి కార్యకర్తకు ఉండాల్సిన సామర్థ్యాలను తొమ్మిది విభాగాలు చేసింది: మార్పుకు చేయూత, ఆరోగ్యం తరఫున వాదించడం, భాగస్వాముల మధ్య వారధిగా ఉండడం, సంభాషణ, నాయకత్వం, అవసరాల అంచనా, ప్రణాళిక, అమలు, మూల్యాంకనం–పరిశోధన. నైతిక విలువలు, ఈ రంగపు జ్ఞానం అన్నిటికీ పునాది.

వేర్వేరు చోట్ల పనిచేసే 15 నుంచి 20 మందిని కూర్చోబెట్టి, ఒక్కొక్కరూ గత నెలలో చేసిన పనులన్నీ చీటీల మీద రాయించండి. ఆ చీటీలను తొమ్మిది విభాగాల కింద సర్దండి. ఎందులోనూ ఇమడనివి, అంటే రిపోర్టులు టైపు చేయడం, వాహనాలు ఏర్పాటు చేయడం లాంటివి, పక్కన పెట్టండి. ఆ కుప్ప పెద్దగా ఉంటే మీ సభ్యుల సమయం ఎటు పోతోందో అప్పుడే తెలిసిపోతుంది. యాజమాన్యాలతో మాట్లాడేటప్పుడు అదే మీకు ఆధారం.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి, డిగ్రీ ఉన్నవాళ్లు తమను మాత్రమే దృష్టిలో పెట్టుకుని రాయడం. రెండోది, ఎవరినీ నొప్పించకూడదని ఆరోగ్యం గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ ఇమిడేంత విశాలంగా రాయడం. పత్రం పనికొస్తుందో లేదో తెలుసుకోవాలంటే ఉద్యోగులను నియమించే వ్యక్తికి ఇచ్చి, దాన్ని చూసి ఉద్యోగ ప్రకటన రాయమనండి. రాయలేకపోతే తిరగరాయాలి.

సభ్యత్వం

మూడు రకాలు చాలు: పూర్తి సభ్యులు, విద్యార్థులు, మద్దతుదారులు. మద్దతుదారులకు ఓటు వద్దు. ఓటు ఇస్తే ఏదో ఒక కంపెనీ తన ఉద్యోగులను చేర్పించి ఎన్నికను తనవైపు తిప్పుకోవచ్చు.

పూర్తి సభ్యత్వానికి రెండు దారులు ఉండాలి. ఒకటి, సంబంధిత చదువు. మరొకటి, కనీసం మూడేళ్ల అనుభవం. నర్సింగ్ నుంచి, బోధన నుంచి, సామాజిక సేవ నుంచి ఈ పనిలోకి వచ్చినవారు చాలామంది. రెండో దారి మూసేస్తే సంఘం వాళ్లను కోల్పోతుంది. అనుభవంతో వచ్చేవారిని మూడు పనుల వివరాలు అడగండి, ఒక్కోటి రెండు పేజీలకు మించకుండా: అవసరాన్ని ఎలా గుర్తించారు, ఏం చేశారు, ఏం మారింది, ఏది ఫలించలేదు. చివరి ప్రశ్నకు సూటిగా జవాబు రాసినవారికి మూల్యాంకనం అంటే ఏమిటో తెలుసని అనుకోవచ్చు. తోడుగా ఇద్దరి సిఫార్సు లేఖలు తీసుకోండి.

సొంత పరీక్ష పెట్టి సర్టిఫికెట్లు ఇద్దామన్న ఉత్సాహం కొత్త సంఘాల్లో త్వరగా పుడుతుంది. తొందరపడవద్దు. ప్రశ్నలు తయారుచేయడానికి, అవి సరైనవాటినే కొలుస్తున్నాయో లేదో పరీక్షించడానికి, గోప్యత కాపాడడానికి ఏటా డబ్బు కావాలి. అంతర్జాతీయ హెల్త్ ప్రమోషన్, విద్యా సమాఖ్య (ఐయూహెచ్‌పీఈ) పైన చెప్పిన కాంప్‌హెచ్‌పీ చట్రం ఆధారంగా కార్యకర్తలకు, కోర్సులకు గుర్తింపు ఇస్తోంది. చిన్న సంఘం సభ్యులను అటువంటి గుర్తింపుకు సిద్ధం చేస్తే అదే మంచి సేవ.

నేర్చుకోవడం ఆగకుండా

అమెరికాలో హెల్త్ ఎడ్యుకేషన్ స్పెషలిస్టు సర్టిఫికెట్ నిలుపుకోవాలంటే అయిదేళ్లలో 75 గంటల శిక్షణ చూపాలి, అంటే ఏడాదికి 15. కొత్త సంఘానికీ ఆ లెక్క అందుబాటులో ఉంటుంది. సభ్యులు నింపే చిట్టాలో తేదీ, గంటలు, తొమ్మిదిలో ఏ సామర్థ్యం, పనిలో ఏం మార్చుకున్నారు అనే నాలుగు గళ్లు ఉంటే చాలు. ఏటా పదిమందిలో ఒకరి చిట్టాను లాటరీ తీసి పరిశీలించండి. అందరివీ చూడబోతే కమిటీ అలసిపోయి రెండో ఏడాదికే మానేస్తుంది.

ఉపన్యాసాలు విన్న గంటలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే జనం హాజరు వేయించుకోవడానికే వస్తారు. అన్నిటికంటే ఫలితమిచ్చేది అధ్యయన బృందం. ఆరు నుంచి ఎనిమిది మంది, గంటన్నర సమయం. ఒకరు తన కార్యక్రమ ప్రణాళికను వారం ముందే అందరికీ పంపాలి. కూర్చున్నాక ఆ వ్యక్తికి పది నిమిషాలు, మిగతా సమయమంతా ప్రశ్నలకు. చివర్లో ప్రణాళికలో మార్చబోయే మూడు విషయాలు రాసుకోవాలి. ఈ వృత్తిలో చాలామంది తమ ఆఫీసు మొత్తానికీ ఒక్కరే హెల్త్ ప్రమోషన్ ఉద్యోగి. తప్పు ఎక్కడుందో చెప్పే తోటివారు వాళ్లకు దొరికేది ఇక్కడే. సంఘం ఏదైనా ఒక్క పనికే పరిమితం కావలసివస్తే, ఆ ఒక్కటీ ఇదే కావాలి.

నైతిక నియమావళి, ఫిర్యాదులు

‘నిజాయితీగా ఉండాలి’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఈ పనిలో నిజంగా ఎదురయ్యే సందర్భాలు రాయండి. భయపెట్టే బొమ్మలు ఎప్పుడు వాడవచ్చు, వాటితోపాటు చేయదగిన పని ఏదో చెప్పాలా? లావుగా ఉన్నవారిని, మద్యానికి బానిసైనవారిని దోషులుగా చూపే మాటలేవి? సర్వేలో ఇచ్చిన సమాచారం ఎవరి దగ్గర, ఎంతకాలం ఉంటుంది? అనుమతి లేకుండా తీసిన ఫొటోను పోస్టరులో వాడవచ్చా? వచ్చిన మార్పు తమ కార్యక్రమం వల్లేనని ఏ ఆధారంతో చెప్పుకోవచ్చు?

ఫిర్యాదుల పద్ధతిని మొదటి ఫిర్యాదు రాకముందే రాసిపెట్టుకోండి. వచ్చిన తరువాత రాస్తే ఫలానా వ్యక్తి కోసమే రాశారంటారు. రాతపూర్వక ఫిర్యాదు అందినట్లు 7 రోజుల్లో తెలపాలి. ఆరోపణ ఎదుర్కొంటున్న సభ్యుడికి జవాబు ఇవ్వడానికి 21 రోజులు. విచారణకు ముగ్గురు ఉండాలి, అందులో ఒకరు ఈ వృత్తికి బయటివారు. ఇరుపక్షాల ఆఫీసుల్లో పనిచేసేవారు ఎవరూ ఉండకూడదు. నిర్ణయానికి గడువు 60 రోజులు, అప్పీలు ఒక్కసారి. సంఘం ఇవ్వగల శిక్షలు సలహా, శిక్షణ, తాత్కాలిక నిలిపివేత, సభ్యత్వం రద్దు వరకే. నేరానికి సంబంధించిన విషయమైతే సంఘం సొంతంగా తేల్చబోకుండా చట్టానికి అప్పగించాలి.

డబ్బు

రోజువారీ ఖర్చు చందాలతోనే గడవాలి. గ్రాంట్లు, విరాళాలు ప్రత్యేక పనులకే. ఆరు నెలల ఖర్చు నిల్వ ఉండాలి, చెక్కు మీద రెండు సంతకాలు, ఏటా ఆడిట్.

స్పాన్సర్ల విషయంలో గట్టిగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చింది. ప్రజారోగ్య విధానాలను పొగాకు పరిశ్రమ ప్రయోజనాల నుంచి కాపాడాలని దాని 5.3 అధికరణం చెబుతోంది. తల్లిపాల ప్రత్యామ్నాయాల మార్కెటింగ్‌పై అంతర్జాతీయ నియమావళి 1981 నుంచీ ఉంది. ఈ రెండూ ఉన్నాక పొగాకు, శిశువుల పాలపొడి కంపెనీల సొమ్ము గురించి చర్చే అక్కర్లేదు. మద్యం, తీపి పానీయాలు, జూదం సంగతి మీరే తేల్చుకుని నియమంగా రాయాలి. సదస్సుకు నెల ముందు హాలు అద్దె కట్టలేని స్థితిలో స్పాన్సర్ ఎదుట కూర్చుంటే ఏ నియమమూ గుర్తుకురాదు.

గొంతు వినిపించడం

సభ్యుల్లో ప్రభుత్వ ఉద్యోగులు ఉంటే తమ శాఖ విధానాన్ని వాళ్లు బయట విమర్శించలేరు. తెలిసిన విషయాన్ని సంఘం పేరుతో చెప్పించగలగడం వాళ్లకు పెద్ద అండ. అయితే సమాచారం ఇచ్చిన సభ్యుల పేర్లు బయటికి రానివ్వకూడదు. సంఘం తరఫున మాట్లాడేవారు ఇద్దరే ఉండాలి.

ఏడాదికి మూడు అంశాలకు మించి ఎత్తుకోవద్దు. ప్రతి అంశానికీ ఒక్క పేజీ: సమస్య, ఆధారం, ఏ నిబంధనలో ఏ వాక్యం ఎలా మార్చాలి. ‘నివారణకు ప్రాధాన్యం ఇవ్వాలి’ అని అడిగితే అధికారి తలూపి పంపేస్తారు. మార్చాల్సిన వాక్యం రాసి ఇస్తే అవుననో కాదనో చెప్పక తప్పదు. జీతాల బేరం కార్మిక సంఘం పని. ఆ బేరానికి కావలసిన ఉద్యోగ వివరణ, అర్హతల ప్రమాణం మాత్రం మీ దగ్గర నుంచే వెళ్లాలి.

కార్యవర్గం

ఏడుగురు నుంచి తొమ్మిది మంది. పదవీకాలం రెండేళ్లు, వరుసగా రెండుసార్లకు మించకూడదు. ఏటా సగం మంది మారేలా ఎన్నికలు పెడితే పాతవారి అనుభవం కొత్తవారికి అందుతుంది. సమావేశం మినిట్స్ పది రోజుల్లో సభ్యులకు చేరాలి. సంఘాలు చాలావరకు కుప్పకూలేది తగాదాలతో కంటే, సభ్యుల జాబితా, పాస్‌వర్డులు, ఉత్తరాలు ఒక్క కార్యదర్శి ఫోన్‌లో ఉండిపోవడం వల్ల. సంఘం పేరుతో ఈమెయిల్ ఖాతా తెరిచి దాన్ని ముగ్గురి చేతిలో ఉంచండి. పదవి దిగేవారు కొత్తవారికి అప్పగించాల్సిన వాటి జాబితాను నియమావళికే జతచేయండి. అందులో సభ్యుల జాబితా, బ్యాంకు పత్రాలు, నడుస్తున్న ఫిర్యాదులు, రాబోయే ఆరు నెలల గడువులు ఉండాలి. అప్పగింత పూర్తయినట్లు ఇద్దరూ సంతకం చేశాకే పాతవారి పదవి ముగిసినట్లు.